ఉడతలు రాకుండా మూసిన ఇల్లు

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా ఫ్లాటు గోడకు ఏసీ గొట్టం కోసం కొట్టిన కన్నంలోంచి ఒక ఉడత లోపలికి తొంగిచూసింది. మావారు ఎవరికో ఫోను చేస్తే ఒకాయన చేతిలో డబ్బా పట్టుకుని వచ్చాడు. దాని మూతి కన్నంలో పెట్టి నొక్కితే తెల్లటి నురగ వచ్చి, నిమిషాల్లో గట్టిపడి కన్నం పూడిపోతుందట. ఆయన డబ్బా మూతి కన్నానికి ఆనించాడో లేదో, "ఆగండి! లోపల ఏదన్నా ఉండిపోయిందేమో చూశారా?" అని అరిచాను. అంత గట్టిగా ఎందుకు అరిచానో నాకే తెలియలేదు. ఆయన ఉలిక్కిపడి డబ్బా కింద పడేసుకున్నాడు. మావారు పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. "ఉడతకు ఇంత భయమా?" అన్నారాయన నవ్వుతూ. నా భయం ఉడతంటే కాదు, కన్నం మూయడమంటే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి ఆయనకు సరిగ్గా చెప్పనే లేదని అప్పుడు తట్టింది.

మా ఊరు చిలకలూరిపేటకు ఇవతల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. మాది బెంగుళూరు పెంకుటిల్లు. ముందు వసారా, తర్వాత నడిమిల్లు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక రేకుల పంచ. నడిమింటి మీద టేకు చెక్కలు పరిచి కట్టిన అటక ఉండేది. ఎక్కడానికి ఒక నిచ్చెన. చెక్కకూ చెక్కకూ మధ్య సన్నటి సందులు. కింద పడుకుని పైకి చూస్తే, పెంకుల్లో అమర్చిన అద్దంలోంచి దిగిన వెలుతురు ఆ సందుల్లో గీతలు గీతలుగా కనపడేది. పత్తి తీసే రోజుల్లో వసారా అంతా పత్తి కుప్ప. చలికాలం పోయేసరికి ఇల్లంతా మిరపకాయల వాసన. బయటినుంచి వచ్చినవాళ్ళు గడపలోనే తుమ్మేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన తెలిసేదే కాదు. ఇంటర్లో హాస్టల్లో చేరాక, పెట్టె తెరిస్తే నా బట్టలే నన్ను తుమ్మించేవి.

ఆ ఇంటికి గొంతు మా నాయనమ్మ. పేరు వెంకాయమ్మ. తెల్లవారకముందే లేచి, పేడనీళ్ళు చల్లుతూ, కూలీలను పేరుపేరునా ఇంటినుంచే కేకేసేది. వీధి చివర ఆగే బస్సు కూడా ఆవిడ కేకకే కదులుతుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ దానికి పూర్తిగా ఎదురు. అత్తగారి ముందు అమ్మ పెదవి విప్పడం నేను చూడలేదు. ఒకే గదిలో ఉన్నా, "నాయనమ్మ భోజనానికి లేస్తారేమో అడుగమ్మా" అని నన్ను పంపేది. నేను అడిగేలోపే నాయనమ్మ, "నాకు చెవులున్నయ్యే, విన్నాలే" అనేది. ఇద్దరి మధ్యా పోట్లాట ఏనాడూ లేదు. పోట్లాట కావాలంటే రెండు గొంతులుండాలి కదా, మా ఇంట్లో ఉన్నది ఒకటే.

ఉడతలు మాకు మొదటినుంచీ ఉన్నాయి. పత్తి కుప్పలోంచి నోటినిండా దూది పట్టుకుని, దూలం మీదుగా అటకమీదికి పరుగెత్తేవి. వేసవి మధ్యాహ్నాల్లో వాటి కిచకిచలకు నిద్ర పట్టేది కాదు. అయినా నాయనమ్మ చాలాకాలం చూసీ చూడనట్టే ఊరుకుంది. ఒకసారి చలికి బొంతలు దింపుదామని నాన్న అటకెక్కాడు. పైనుంచి ఏమీ మాట్లాడకుండా ఒక మూట కిందికి జార్చాడు. అది నాయనమ్మ వాళ్ళమ్మ కుట్టిన బొంత. పాత చీరాల చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టింది. నాయనమ్మ దాన్ని ఏనాడూ కప్పుకోలేదు, దాచుకుంది. మూట విప్పితే పీచు రాలింది. మధ్యలో ఇంత గుంత, గుంతలో దూది, దూదిలో ఎండిన పెంటికలు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆ పూట ఒక్క మాటా అనలేదు. ఆ పీచంతా కొంగులో ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి కూర్చుంది.

మర్నాటినుంచి పట్టు మొదలైంది. "రాములవారు వీపు నిమిరిన జీవమమ్మా" అని నాన్న సర్దబోతే, "అయితే అయోధ్యకు పొమ్మను. నా అటకమీద దానికేం పని?" అంది. ముందు కర్రతో చెక్కల్ని కింద నుంచి కొట్టేది. ఉడతలు కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవి. ఎవరింట్లోంచో పిల్లిని తెప్పించింది. అది దూదిలో సుఖంగా ముడుచుకుని పడుకుంది. చూరు కింద కన్నాల్లో కిరోసిన్లో ముంచిన గుడ్డలు కుక్కించింది. ఇల్లంతా కిరోసిన్ కంపు కొట్టింది గానీ ఉడతలకు కొత్త దారులు దొరికాయి. పక్కింటి కోటయ్య మామ జామచెట్టు కొమ్మ మా పెంకుల మీద వాలి ఉండేది. ఉడతలకు అదే వంతెన అని, ఆయన ఇంట్లో లేనప్పుడు కొట్టించింది. ఆయన వచ్చి చూసి, "అత్తా, కాయల మీదున్న కొమ్మ కొట్టటానికి నీకు చేతులెట్టా వచ్చినయ్?" అన్నాడు. "ఉడతలు నీ చెట్టువే, నువ్వే కట్టేసుకోకపోయినావా?" అంది నాయనమ్మ. అంతే. ఆయన మా గుమ్మం తొక్కడం మానేశాడు. నెలల తరబడి గోడకు అటూ ఇటూ మాటల్లేవు.

మరుసటి ఏడు మిరప బాగా తడిసింది. తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయలు, ఎక్కువగా మిగిలాయి. వాటిని అడిగేవాడు లేడు. అప్పుడు నాయనమ్మకు ఆలోచన వచ్చింది. మిరపకాయ ఘాటుకు ఏ జీవం నిలబడుతుంది? తాలుకాయల బస్తాలన్నీ అటకెక్కించి, కొన్ని విప్పి చెక్కల మీద మందంగా పరిపించింది. అక్కడితో ఊరుకోకుండా తాపీమేస్త్రీని పిలిపించి, చూరు చుట్టూ ఇనుప వల కొట్టించి, సందులన్నీ సిమెంటుతో పూడ్పించింది. పెంకుల కింద, కళ్ళంలో కాయలు కప్పే పట్టాను ఈ చివరనుంచి ఆ చివరకు మేకులతో బిగించారు. వెలుతురు కోసం పెట్టిన అద్దం కూడా దాని చాటుకు పోయింది. పని అయ్యాక నాయనమ్మ పెరట్లో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంటిని ఎగాదిగా చూసుకుంది. "ఇప్పుడు రమ్మను" అంది.

ఆ సాయంత్రమే పైన కిచకిచ వినపడింది. అందరం తలెత్తాం. ఒక్కటే గొంతు. అటక ఒక మూలనుంచి ఇంకో మూలకు, ఆగకుండా. అమ్మ వంటింట్లోంచి వచ్చి నా భుజం పట్టుకుని, "ఒకటి లోపలే ఉండిపోయినట్టుంది. ఒక్క పెంకు తీయించమని నాయనమ్మను అడుగు" అంది. నేను అడిగాను. "ఒకదాన్ని పంపటానికి తీస్తే పది లోపలికొస్తయ్. ఉండనీ" అంది నాయనమ్మ. అన్నదే గానీ ఆ రోజు అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకుంది. తర్వాత ఆ గొంతు రోజురోజుకూ సన్నబడింది. కొరుకుతున్న చప్పుడు మాత్రం ఎక్కడో ఉండుండి వినపడేది.

అసలు సంగతి జరిగింది ఆ వేసవిలోనే, ఒక మధ్యాహ్నం. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. నాన్న గుంటూరు వెళ్ళాడు. వడగాలికి నడిమింటి తలుపులు, కిటికీలు అన్నీ మూసి, నాయనమ్మ మంచం మీద పడుకుంది. అమ్మా నేనూ వెనక రేకుల పంచలో చింతపండు గింజలు తీస్తున్నాం. పొద్దుటినుంచీ లేని కరెంటు అప్పుడే వచ్చింది. లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు విని, "అమ్మయ్య, మీ నాయనమ్మకు కాస్త గాలొచ్చుద్ది" అంది అమ్మ.

కాసేపటికి నా గొంతులో గరగర మొదలైంది. తుమ్మాను. అమ్మా తుమ్మింది. "పొయ్యి మీద ఏమన్నా పెట్టావా?" అంది. లేదన్నాను. గోడ అవతలనుంచి కోటయ్య మామ దగ్గుతూ, ఎవరినీ అననట్టు, "ఎవరమ్మా మిరపకాయలు మాడగొడుతున్నది?" అని అరిచాడు. వీధిలో ఎవరో దగ్గారు, ఇంకెవరో దగ్గారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి నడిమింటి తలుపు తోసింది. లోపలినుంచి ఏదో ముఖాన కొట్టినట్టు వెనక్కి పడింది. నేను పరుగెత్తాను. మంట లేదు. వెలుగు కూడా లేదు. అటక చెక్కల సందుల్లోంచి పసుపుపచ్చటి పొగ కిందికి దిగుతోంది. పొగ పైకి పోతుందనే నాకు తెలుసు. అది కిందికి రావడం నేను అప్పుడే చూశాను. పైన దానికి పోయే దారి ఒక్కటీ లేదు మరి. ఫ్యాను ఆ పొగనంతా గిరగిరా తిప్పుతోంది.

ఒక్క గుక్క పీల్చానంతే. లోపల కత్తులు దిగినట్టయింది. కళ్ళు మూసుకుపోయాయి. తడుముకుంటూ పెరట్లోకొచ్చి బోరింగు దగ్గర పడ్డాను. ఊపిరి తీసుకోవాలంటేనే భయం వేసింది. కోటయ్య మామ గోడ దూకి వచ్చాడు. "ఎవరున్నారమ్మా లోపల?" అన్నాడు. "నాయనమ్మ" అన్నాను. ఆయన పెరట్లో ఉన్న గునపం తీసుకుని, గోడమీదనుంచి కప్పెక్కి పెంకులు పగలగొట్టడం మొదలుపెట్టాడు.

అమ్మ తువ్వాలు నీళ్ళలో ముంచి ముఖానికి కట్టుకుని లోపలికి వెళ్ళింది. వెంటనే బయటికొచ్చి కక్కుకుంది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి నేలమీద పాకుతూ. "అత్తయ్యా! అత్తయ్యా!" అని పిలిచింది. ఎప్పుడూ పైకి లేవని గొంతు, లేవమంటే లేస్తుందా? ఆ పిలుపు పెంకులు పగిలే చప్పుడులో నాకే సరిగా వినపడలేదు. లోపల ఎక్కడో దగ్గు వినపడింది, ఏదో దొర్లిన చప్పుడైంది, తర్వాత ఏమీ లేదు. అమ్మ గడపలోకి పాక్కుంటూ వచ్చి, "మంచం మీద లేదే! మంచం ఖాళీగా ఉందే!" అంది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు మా అమ్మ గడపలో మోకాళ్ళ మీద కూర్చుని, ముఖానికి కట్టుకున్న తువ్వాలు పీకి అవతల పారేసి, అరిచింది.

"ఒసేయ్ వెంకాయీ! ఎక్కడ చచ్చావే ముసలిదానా? ఊరంతా అరుస్తావుగా, ఇప్పుడేమైందే నీ నోటికి? ఇటు రావే! వచ్చి చావవే!"

నా ఏడుపు ఆగిపోయింది. ఎవరా అరిచింది అని నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. కప్పుమీద గునపం చప్పుడు ఆగింది. కోటయ్య మామ వంగి కిందికి చూస్తున్నాడు. వీధివైపు గుమిగూడిన జనం కూడా ఆ కేక విన్నారు. అత్తగారిని పేరు పెట్టి పిలవడం మా వైపు ఏ కోడలి నోటా వినలేదు. మా అమ్మయితే ఆ పేరున్న పక్కవీధి ఆవిడను కూడా "మా అత్తయ్య పేరావిడ" అనేది.

"వినపడతందా ముండా! ఇటు, ఇటు!" అమ్మ అరుపు ఆపలేదు.

లోపల గోడవారగా ఏదో రాసుకున్న చప్పుడైంది. ధాన్యం గాదె పక్కనుంచి, పొగలోంచి, నేలమీద ఒక చెయ్యి కనపడింది. అమ్మ ఆ చెయ్యి అందుకుని, ఇంకో చేత్తో కొప్పు దొరకబుచ్చుకుని, గడప దాకా ఈడ్చుకొచ్చింది. నేనూ ఒక చెయ్యి పట్టుకున్నాను. అదే వేళకు పైన పట్టా చిరిగి, ఆ కంతలోంచి పొగ సుడి తిరుగుతూ ఆకాశంలోకి లేచింది. దాని వెనకే మంట కూడా లేచింది. జనం బోరింగు దగ్గరనుంచి బిందెలు అందించుకుంటూ ఆర్పారు. ఆ పొగకు మా వీధి ఆ పూట ఊపిరాడక ఊరి బయటికి వెళ్ళి కూర్చుంది.

నాయనమ్మను ఎవరిదో కారులో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. బతుకుతుందని చెప్పడానికి డాక్టర్లకు చాలా రోజులు పట్టింది. గొంతు లోపలంతా కాలిందన్నారు. నాన్న మిరపయార్డునుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. నాయనమ్మ మంచం పక్కన అమ్మ ఎదురుగా నిలబడి, ఆవిడ ఎర్రబడ్డ కళ్ళవంక చూసి, ఏం జరిగిందన్నాడు. అమ్మ నెమ్మదిగా, ఎప్పటి గొంతుతోనే చెప్పింది. "అత్తయ్యా, అత్తయ్యా అని ఎంత పిలిచానో అండి. నా గొంతు పైకి రాలేదు. ఎట్టా విన్నదో ఏమో, ఆవిడే పాక్కుంటా వచ్చింది."

అమ్మ అబద్ధం చెబుతోందేమోనని ముఖంలోకి చూశాను. కాదు. తనకు గుర్తులేదు. నేను నోరు తెరవబోతే, నాయనమ్మ మంచం మీదనుంచి నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. వాచిపోయిన కళ్ళు సగమే తెరిచి, తల అడ్డంగా ఊపింది. ఎందుకో తెలియకపోయినా ఊరుకున్నాను.

మాస్కు తీశాక ఆవిడ మొదట అడిగిన మాట, "అది బయటపడిందా?" అని. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది. దేని గురించి అడుగుతోందో నాన్నకు అర్థం కాలేదు. ఉడత గురించేనని అమ్మకు అర్థమైంది. మంచం దగ్గరికి వంగి, "పెంకులు పగలగానే దూకి పోయింది అత్తయ్యా. నేను చూశా" అంది. పెంకులు పగిలినప్పుడు అమ్మ నేలమీద బోర్లాపడి ఉంది. తర్వాత అటక శుభ్రం చేస్తుంటే, ఫ్యాను తీగకు పైనున్న తొడుగు కొరికేసి రాగి బయటపడి ఉండటం కనపడింది. కరెంటు రాగానే అక్కడే రవ్వ లేచి ఉంటుంది. ఆ పంటిగాట్లు పాతవని నాన్న అన్నాడు. లోపల చిక్కుకున్నదే కొరికిందని నాయనమ్మ నమ్మింది. ఎవరిది నిజమో నేనిప్పటికీ చెప్పలేను. కిరోసిన్ గుడ్డలు, దూది, తాలుకాయలు, పట్టా అన్నీ మేమే ఒకచోట పేర్చి పెట్టామని తట్టి, మా నాన్న ఆ మసిలో గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

నాయనమ్మ గొంతు తిరిగి రాలేదు. పక్కనున్నవాళ్ళకు కూడా చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గుసగుస మిగిలింది. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే కూలీలను పిలవబోయి, నోరు తెరిచి, అట్లాగే నిలబడిపోయింది. అమ్మ కళ్లాపి చల్లుతున్నదల్లా గిన్నె కింద పెట్టి దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ అమ్మ చెవిలో ఏదో చెప్పింది. అమ్మ వీధివైపు తిరిగి, కొంచెం సిగ్గుపడి, తర్వాత కేకేసింది. "ఏమే రాఘవమ్మా! పొద్దెక్కుతుంది, వస్తన్నారా లేదా?"

అక్కడినుంచి అంతే. నాయనమ్మ గుసగుస, అమ్మ కేక. మొదట్లో నాయనమ్మ మాటల్నే అరిచేది. పోనుపోను తన మాటలు కూడా కలిపింది. మరి కొన్నాళ్ళకు నాన్నను, మేస్త్రీలను, పాలవాణ్ణి, అందర్నీ గదమాయించడం మొదలైంది. నాకు చదువు చాలు, పెళ్ళి చేద్దామని నాన్న అన్నప్పుడు, "అది చదువుకుంటది. ఇంకోసారి ఆ మాటెత్తితే ఊరుకోను" అని వీధికి వినపడేలా అన్నది అమ్మే. నాన్న గతుక్కుమన్నాడు. నాయనమ్మ అరుగుమీద కూర్చుని, గోడకు తల ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. నేను డిగ్రీ చదివానంటే, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ కేక వల్లే.

కోటయ్య మామ మళ్ళీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఒకసారి కాఫీ తాగుతూ, "ఏమైనా ఆ రోజు మా చెల్లెలు నిన్ను పిలిచిన పిలుపుందే అత్తా..." అని ఎత్తుకున్నాడు. నాయనమ్మ చెయ్యెత్తి ఆయనవంక ఒక చూపు చూసింది. గొంతు పోయినా చూపు పోలేదు. ఆయన కాఫీ ముగించి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అమ్మ ముందు ఎత్తలేదు.

పెంకుటిల్లు తీసేసి నాన్న స్లాబు వేయించాడు. దానికి అటక లేదు. ఇప్పుడు మా ఇళ్ళల్లో దాచుకోవడానికి పీచయిపోయే బొంతలూ లేవు, తుమ్ము తెప్పించే వాసనా లేదు. ఏది లోపలికి రావద్దనుకుంటే దాని దారిని నిమిషాల్లో నురగతో మూసేసుకుంటున్నాం. అప్పుడు మూయడానికి మాకు ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఎవరో ఒకరు ఆగి ఆలోచించే వీలు ప్రతిరోజూ ఉంది. అయినా ఎవరం ఆలోచించలేదు. కాబట్టి అప్పటి మనుషులు మేలని నేను అనలేను. ఒక్క తేడా మాత్రం కనపడుతుంది. అప్పుడు మూసిన కన్నం వెనక ఏముందో మాకు వినపడేది.

నాయనమ్మ పోవడానికి ముందు వేసవిలో ఒకరోజు, ఆవిడ తలకు నూనె రాస్తూ, ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న ప్రశ్న అడిగేశాను. "నాయనమ్మా, అమ్మ ఆ రోజు అంత మాట అన్నది కదా. నీకు కోపం రాలేదా?"

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందని కాసేపటికి గాని తెలియలేదు. నా తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"రాకేం? ఎవతిరా నన్ను అంత మాటన్నదని చూద్దామనేగా ఆ మూలనుంచి వచ్చింది. అత్తయ్యా అన్నప్పుడూ విన్నా. ఆ పిలుపుకు లేవబుద్ధి కాలేదే. ఇంక చాల్లే, ఇక్కడే పడుకుందామనిపించింది."

నా చేతిలో నూనె గిన్నె ఒరిగిపోయింది.

"మరి అమ్మకెందుకు చెప్పనియ్యలేదు?" అన్నాను.

వంటింట్లో అమ్మ ఎవరినో ఫోనులో గట్టిగా కేకలేస్తోంది. నాయనమ్మ ఆ వైపు చెవి పెట్టి కాసేపు విన్నది.

"చెప్పమాక" అంది. "తెలిస్తే సిగ్గుపడి మళ్ళా నోరు మూసుకుద్ది."